గడ్డము పెంచుకొనవచ్చునా?

కోల్‌కతా నగరపు దక్షిణభాగమున, భవానీపూరు పేటలో, హరీశ్ ముఖర్జీ వీథి వెంట తెల్లవారుజామున నడచిపోవువారికి, సంత్ కుటియా గురుద్వారమున ప్రార్థన ముగించుకొని వెలువడుచున్న సిక్కు వృద్ధులును, ఆ దాపుననే బల్వంత్ సింగు హోటలు ముందర నిలిచి మట్టికప్పులతో చాయి త్రాగుచున్న వారి మనుమలును కంటబడుదురు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో పంజాబునుండి వచ్చి, ఈ మహానగరపు టాక్సీలను, బస్సులను తరతరములుగా నడిపిన ఈ జనులకు గడ్డము అలంకారము కాదు. కేశములను ఖండింపకుండుట వారి ఖాల్సా దీక్షలోని నియమము. ఆ గడ్డములను భవానీపూరు చిరకాలముగా చూచుచున్నది గనుక, వాటిని ధరించినవారిని పొరుగువారుగానే ఎరుగును.

మన తెలుగు ఇండ్లలో గడ్డము సంగతి వేరు. పితృవియోగమున పది దినములు పెరిగినది, ఏడుకొండలవాని మొక్కునకై పెంచినది, ఇల్లాలు గర్భవతిగా నుండగా క్షౌరము మానుటచే వచ్చినది, అయ్యప్ప దీక్షలో నలుబదియొక్క దినములు ఉన్నది: ఇవి పెద్దలకు సమ్మతములైన గడ్డములు. వీటి కవతల, కేవలము తనకు నచ్చినందున పెంచుకొన్న గడ్డమును చూచినచో, శరత్‌బాబు సృష్టించిన దేవదాసు 1953లో అక్కినేనివారి ముఖమున తెలుగువాడై అవతరించిన నాటినుండి, ‘ఏమిరా దేవదాసూ’ అనుట మనకు వాడుక. ఇది నిరపాయమైన పరిహాసము. కాని ఇప్పుడు విశాఖపట్టణమునుండియో వరంగల్లునుండియో చదువునకో ఉద్యోగమునకో అమెరికా పోవుచున్న కుమారునితో తల్లి, ‘నాయనా, విమానమెక్కే ముందు ఆ గడ్డం తీసెయ్యి, అక్కడివాళ్లు ఏమనుకుంటారో’ అన్నప్పుడు, ఆ మాట పరిహాసము కాదు. అందులో నిజమైన భయమున్నది. ఆ భయమును తేలికగా త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. దానికి తలయొగ్గుమనుటకును ఒప్పదు.

ముఖముమీది రోమములు మనిషిని గూర్చి చూపరికేమి చెప్పునో గ్రహించుటకు ఈ పేటలోని ఒక ఇల్లు చాలును. భవానీపూరు ఉత్తరపుటంచున, ఎల్గిన్ రోడ్డులో, నేడు నేతాజీ భవనముగా ప్రసిద్ధమైన ఆ ఇంటికి 1940 డిసెంబరు 5వ తేదీన, నిరాహారదీక్ష కారణముగా చెరనుండి విడుదలయై వచ్చిన సుభాష్ చంద్ర బోసు, వెలుపల పోలీసు గూఢచారులు కాపలా కాయుచుండగా, లోపల ఏకాంతవాసము పాటించుచు గడ్డము పెంచెను. 1941 జనవరి 16వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట, మహమ్మద్ జియావుద్దీన్ అను బీమా కంపెనీ ఉద్యోగి వేషమున, పొడుగు కోటును, వెడల్పు పైజామాను, నల్లని ఫెజ్ టోపీని ధరించి, అన్నకొడుకు శిశిర్ కుమార్ బోసు నడిపిన కారులో బయలుదేరి, మరునాటి రాత్రి గోమో స్టేషనులో కాల్కా మెయిలు ఎక్కి ఆయన పెషావరునకు సాగిపోయెను. దేశమంతయు ఎరిగిన ఆ ముఖమును దాచుటకు ఏబది దినములైనను నిండని గడ్డము తోడ్పడినది. చూపరి గడ్డమును, టోపీని చూచి, ‘ఫలానా మతమువాడు’ అని తేల్చుకొని, అంతటితో ముఖమును చూచుట మానును. గడ్డములోని శక్తి అంతయు చూపరియొక్క ఈ తొందరపాటులో నున్నది. అట్టి తొందరపాటు ఒక రాత్రి దేశభక్తునికి దారి యిచ్చినది. మఱికొన్ని దినములలో, మఱికొన్ని దేశములలో, నిరపరాధుల ప్రాణములు తీసినది.

2001 సెప్టెంబరు 15వ తేదీన, న్యూయార్కు సౌధములు కూలిన నాలుగవనాడు, అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున మెసా పట్టణములో, తన పెట్రోలు బంకు ముందర పూలమొక్కలు నాటించుచున్న బల్‌బీర్ సింగ్ సోధీ అను సిక్కును, ఆయన తలపాగాను, గడ్డమును చూచి అరబ్బు దేశస్థుడని భావించి, ఒకడు తుపాకితో కాల్చి చంపెను. 2012 ఆగస్టు 5వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రపు ఓక్ క్రీక్ గురుద్వారములో ఒక జాతిదురహంకారి ఆరుగురిని బలిగొనెను. మన దేశముననే 1984 నవంబరులో, ప్రభుత్వపు లెక్క ప్రకారము ఢిల్లీలో 2,733 మంది సిక్కులు హతులైన ఆ దినములలో, ఎందఱో సిక్కులు ప్రాణభీతిచే జుట్టును, గడ్డమును కత్తిరించుకొనవలసివచ్చెను. కోల్‌కతా నగరము నాడు ఆ మారణహోమమునకు లోనుకాకుండ నిలిచినదను మాట ఈ నగరవాసులు గర్వముతో చెప్పుకొనదగినది.

అట్లయినచో తల్లి మాట విని గడ్డము తీసివేసినవాడు క్షేమముగా నుండునా? ఈ ప్రశ్నకు చరిత్ర యిచ్చిన సమాధానమును రెండు జీవితములలో చదువవచ్చును. భగత్ సింగ్ థింద్ తలపాగాతో, గడ్డముతో మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యమున సేవచేసిన సిక్కు. ఆయన పౌరసత్వము కోరగా, భారతీయుడు చట్టము చెప్పిన శ్వేతజాతీయుడు కాడని 1923లో ఆ దేశపు సుప్రీంకోర్టు తిరస్కరించెను. దలీప్ సింగ్ సౌంద్ 1920లో చదువునకై కాలిఫోర్నియా చేరి, తలపాగాను, గడ్డమును విడిచి, నున్నని ముఖముతో ఆ సమాజమున కలసిపోవ యత్నించిన విద్వాంసుడు. 1924లో గణితమున డాక్టరేటు పొందియు, పౌరుడు కాలేక, వ్యవసాయము చేసికొని బ్రదుకవలసివచ్చెను. గడ్డమున్నవానికిని, లేనివానికిని చట్టము మూసిన తలుపు ఒక్కటియే. థిందునకు తన సైనికసేవ కారణముగా 1936లో పౌరసత్వము లభించెను; సౌందు వంటివారికి దారి దొరకినది 1946లో చట్టము మారిన తరువాతనే. ఆ చట్టమును మార్పించుటకై శ్రమించినవారిలో సౌందును ఉండెను; 1956లో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన ప్రథమ భారతీయుడును ఆయనయే. ఆయన క్షురకర్మను నేను నిందింపను. అది ఆయన ముఖము. కాని ఆయనకు మేలు చేసినది మంగలికత్తి కాదు, పౌరసత్వపు చట్టము.

ఇంతకన్న సమీపమైన దుఃఖము మనకున్నది. 2017 ఫిబ్రవరి 22వ తేదీ సాయంకాలము, కాన్సస్ రాష్ట్రపు ఓలేత పట్టణమున, గార్మిన్ కంపెనీలో ఇంజనీర్లయిన శ్రీనివాస్ కూచిభొట్ల, అలోక్ మాడసాని అను మన తెలుగు యువకులిద్దఱు ఒక బారులో కూర్చుండియుండగా, ఒకడు వారిని దూషించి, బయటకు పంపబడి, మరల తుపాకితో వచ్చి కాల్చెను. శ్రీనివాస్ మరణించెను, అలోక్ గాయపడెను, అడ్డుపడిన ఇయన్ గ్రిల్లాట్ అను అమెరికనును గాయపడెను. తాను ఇరానువారిని చంపితినని హంతకుడు పిమ్మట చెప్పుకొనెను. వాడు చూచినది చర్మపు రంగు. ఆ దినములలో అమెరికాలోని తెలుగువారిలో కొందఱు పెద్దలు, బహిరంగస్థలములలో మాతృభాషలో మాటాడకుండుట మంచిదని కూడ హితవు చెప్పిరి. వారి ఆర్తిని అర్థము చేసికొనగలను. కాని ఆ హితవు పోవు త్రోవ చూడుడు. నేడు గడ్డము, రేపు బొట్టు, ఎల్లుండి భాష: ద్వేషించువాని చూపునకు అనుగుణముగా మనలను మనము తగ్గించుకొనుచు పోయినచో, తీసివేయుటకు వీలులేని చర్మమొక్కటి చివరకు మిగులును, ద్వేషము దానినే వెదకికొని వచ్చును.

ఇక్కడ మన ఇంటివారితో ఒక మాట చెప్పక తప్పదు. కుమారుని గడ్డము చూచి ‘సాయిబులా ఉన్నావురా’ అని కసరుకొను పెద్దలు మనలో కొద్దిమంది కారు. పరదేశమున మన బిడ్డను ముస్లిమని పొరబడి ఎవడైన హింసించునేమో యను భయము ఆ మాటకు ఒక ప్రక్కయైనచో, ముస్లిమువలె కనబడుట అవమానమను భావము రెండవ ప్రక్క. గడ్డమును, పేరును చూచి ఇల్లు అద్దెకీయ నిరాకరించు యజమానులు మన నగరములలో నున్నారని అందఱెరిగినదే. మెసాలోని హంతకుడు సిక్కును అరబ్బని పొరబడెను నిజమే. అతడు పొరబడక అరబ్బునే చంపియున్నచో అది న్యాయమగునా? ‘మేము వారము కాము’ అని చెప్పి తప్పించుకొనుట ధర్మమైన మార్గము కాదు. ఆ మాటతో మనము ద్వేషమునకు వేఱొకని ఇంటి చిరునామా చెప్పుచున్నాము.

చట్టము సంగతి కొంత తెలిసికొనవలెను. మన వాయుసేనలో గడ్డము పెంచుకొన అనుమతి కోరిన ఒక ముస్లిము ఉద్యోగి వాదమును 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. కేశఖండనము మతరీత్యా నిషిద్ధమైనవారికే ఆ మినహాయింపు వర్తించునని చెప్పెను. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టము ఉద్యోగములలో మతవివక్షను, జన్మదేశమును బట్టి చూపు వివక్షను నిషేధించుచున్నది. దీనివలన మతధర్మముగా పెంచిన గడ్డమునకు రక్షణ కలదు గాని, కేవలము ఇష్టము కొలది పెంచిన గడ్డమునకు అంత రక్షణ లేదు. విషవాయువులుగాని, హానికరమైన ధూళిగాని ఉన్న కర్మాగారములలో ముఖమునకు బిగువుగా నతుకవలసిన మాస్కులు గడ్డము మీద సరిగా నతుకవు గనుక, అక్కడ యజమాని కోరునది ద్వేషము కాదు, రక్షణ, దానిని మన్నింపవలెను. పాస్‌పోర్టులోని చిత్రము నున్నని ముఖముతో నుండి, మనిషి నిండు గడ్డముతో నున్నచో సరిహద్దులో ప్రశ్నలు రావచ్చును. ఓర్పుతో సమాధానము చెప్పవలెను. మొదటి వారములలో దురద పుట్టుట సహజము. దానికి భయపడి మానువారు చాలమంది.

గడ్డము పెంచదలచిన యువకుడు తాను పోవు ఊరు ఎట్టిదో, ఒంటరిగా ఏ వేళలలో తిరుగవలసివచ్చునో, తన పనికి అది అడ్డమో కాదో విచారించుకొనుట వివేకము. ఆ విచారణ తరువాత ఎవడైన తీసివేయ నిశ్చయించినచో వానిని పిరికివాడనుట అన్యాయము. ప్రాణము వానిది, నష్టము వానిది. కాని నన్నడిగినచో, పెంచుకొనుమనియే చెప్పుదును. ద్వేషించువాడు దిద్దుకొనవలసిన దోషమునకు ద్వేషింపబడువాడు క్షౌరము చేయించుకొనుట న్యాయము కాదు. తల్లిదండ్రులకు నా విన్నపము: మీ అబ్బాయి వీడియో కాలులో గడ్డముతో కనబడిన నాడు, తీసివేయుమని వెంటనే ఆజ్ఞాపింపకుడు, అక్కడ వానికి ఇరుగుపొరుగు ఎవరో, రాత్రి పని ముగించి ఎవరితో ఇల్లు చేరుచున్నాడో అడిగి తెలిసికొనుడు.