దగ్గుమందు – మత్తుమందు



మన భాషలో 'మందు' అను మాట చిత్రమైనది. రోగమును కుదుర్చునదియు మందే. తుపాకిలో దట్టించునదియు మందే. చేలలో పురుగులను చంపునదియు మందే. సారాను సైతము నేడు మందనియే పిలుచుచున్నారు. నేను నేడు మీతో ముచ్చటింపదలచిన దగ్గుమందు కొలతలో నున్నంతవరకు మొదటి యర్థమున మందు; కొలత తప్పినచో తక్కిన యర్థములలోనికి పోవును.

ధనుర్మాసపు మంచులో దగ్గు ప్రవేశింపని యిల్లు మన డెల్టాలో అరుదు. కుప్పనూర్పుల దుమ్ము, పొగాకు ఘాటు, వేకువజాము చలి అందుకు తోడగును. కావున గూటిలో దగ్గుమందు సీసా ఉండుట ఎవరికిని వింతగా తోచదు. కుమారుని చేత సారా సీసా కనబడినచో తండ్రి నిలదీయును. గంజాయి యైనచో వాసనయే పట్టి యిచ్చును. దగ్గుమందునకు అట్టి యపకీర్తి లేదు. అందుచేతనే మన దేశమున పలుచోట్ల కొందరు యువకులు దగ్గు లేకయే దానిని కొని, చెంచాతో గాక సీసాకు సీసాగా త్రాగి, మత్తులో తేలుట నేర్చుకొనిరి. కాలువగట్టునను, కొబ్బరితోటలోను ఖాళీ సీసాలు చూచిన పెద్దలు, "పాపము, ఎవరికో దగ్గు పట్టుకొన్నది" అనుకొని సాగిపోవుదురు. ఆ సీసాలో ఏమున్నదో తెలిసినచో అట్లు సాగిపోవుట సాధ్యము కాదు.

ముందుగా ఒక మాట. దగ్గుమందులన్నియు మత్తుమందులు కావు. పెక్కింటిలో కఫమును పలుచన చేయు పదార్థములే యుండును. మత్తు కలిగించునవి ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది కోడీను కలిసినది. రెండవది డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనునది కలిసినది. ఈ రెండింటిలో కోడీను మనకు క్రొత్త చుట్టము కాదు. అది నల్లమందు సంతానము. గసగసాల మొక్క కాయను గీరగా కారు పాలు గట్టిపడినచో నల్లమందగును. దానినుండి 1832లో రోబికే అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు కోడీనును వేరుచేసెను. నేడును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వపు అనుమతితో గసగసాలు పండించుచున్నారు. అచ్చటి నల్లమందు ప్రభుత్వ కర్మాగారములకు చేరును. అందు ఘాజీపూరు కర్మాగారము 1820 నాటిది.

నల్లమందు మాట వచ్చినది కనుక మన గతమును ఒకమారు తలచుకొందము. గోదావరి, విశాఖపట్టణముల మన్యములో చలిజ్వరము మెండు. నల్లమందు తిన్నవానికి ఆ జ్వరము సోకదను నమ్మకము అక్కడ చిరకాలముండెను. దేశమున పలుచోట్ల తల్లులు ఏడ్చు బిడ్డకు ఆవగింజంత నల్లమందు పెట్టి నిద్రపుచ్చి పనిలోనికి పోయెడివారు. నిజమేమనగా, నల్లమందు జ్వరమును ఆపలేదు. జ్వరపు బాధను తెలియనీయలేదు, అంతియే. బిడ్డ ఆకలిని తీర్చలేదు, ఏడ్పును మాన్పినది. 1893లో ఆంగ్ల ప్రభుత్వము దీనిని విచారించుటకు రాయల్ కమిషనును నియమించెను. అయినను నల్లమందు అంగళ్లు మూతపడలేదు. స్వతంత్రము వచ్చిన పిమ్మట 1949లో, పదేండ్లలో నల్లమందు తినుటను మాన్పవలెనని నిర్ణయమైనది. 1959 నాటికి సామాన్యులకు అమ్ముట ఆగిపోయెను. ముందటి ద్వారమున వెడలగొట్టిన ఆ పాత శత్రువే తీపి పానకము రూపమున పెరటి ద్వారమున తిరిగి వచ్చుచున్నది.

ఇట్టి మోసము లోకమున ఇదివరకును జరిగినదే. మన దేశమున పనిచేసిన కాలిస్ బ్రౌన్ అను ఆంగ్ల సైనిక వైద్యుడు కలరాకై కల్పించిన క్లోరోడైనులో నల్లమందు, గంజాయి, క్లోరోఫారము మూడును ఉండెడివి. దానిని దగ్గునకును త్రాగి, దానికే బానిసలైనవారు ఎందరో. 1898లో జర్మనీ దేశమున ఒక గొప్ప మందుల సంస్థ క్రొత్త దగ్గుమందు నొకదానిని అంగడికి తెచ్చి, అది మార్ఫీనువలె అలవాటు కలిగింపదని ప్రకటించెను. ఆ మందు పేరు హెరాయిన్! అది ఎట్టి మహమ్మారి యైనదో నేడు వేరుగా చెప్పనక్కరలేదు. "దగ్గుమందే గదా" అను మాట ఎంత బోలుదో చూచితిరా!

ఇక లెక్కకు వత్తము. కోడీను గల సిరప్పులలో సాధారణముగా ఒక చెంచాకు, అనగా 5 మిల్లీలీటర్లకు, 10 మిల్లీగ్రాముల కోడీను ఉండును. దానితోపాటు 4 మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనిరమీను అను జలుబుమందు ఉండును. నూరు మిల్లీలీటర్ల సీసాలో ఇరువది చెంచాలు. కావున సీసా మొత్తము త్రాగినవాని కడుపులో 200 మిల్లీగ్రాముల కోడీనును, 80 మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనిరమీనును ఒక్కసారి పడును. దగ్గునకు పెరిగిన మనిషి దినమంతటిలో పుచ్చుకొనదగిన కోడీను 120 మిల్లీగ్రాములు మించరాదు. క్లోర్‌ఫెనిరమీను 24 మిల్లీగ్రాములు మించరాదు. ఒక దినమునకు మించినది ఒక గ్రుక్కలో పోయినదన్నమాట!

అది లోపల చేయు పని యేమి? మన కాలేయము కోడీనులో కొంతభాగమును మార్ఫీనుగా మార్చును. మెదడు అడుగుభాగమున దగ్గును రేపు స్థానమున్నది. ఊపిరిని నడుపు స్థానమును దానికి చేరువనే యున్నది. కొద్దిపాటి మందు మొదటిదానిని జోకొట్టును. మితిమీరినది రెండవదానిని జోకొట్టును. నిద్రించువాని ఊపిరి క్రమముగా మందగించి, నిలిచిపోవును. గురక పెట్టుచున్నాడని ఇంటివారు అనుకొనుచుండగనే ప్రాణము పోవచ్చును. కొందరి కాలేయము పుట్టుకతోనే కోడీనును అతివేగముగా మార్ఫీనుగా మార్చును. అట్టివారికి ఇతరులకు హానిచేయని మోతాదే ప్రాణాంతకము కావచ్చును. ఎవరి శరీరము అట్టిదో పైకి తెలియదు. ఈ కారణముననే 2017లో అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ పండ్రెండేండ్లలోపు పిల్లలకు కోడీను ఈయరాదనియు, పాలిచ్చు తల్లులు వాడరాదనియు హెచ్చరించెను. దీనిపై సారా, కల్లు, నిద్రమాత్రలు కలిసినచో ఊపిరిపై రెండు బరువులు ఒక్కమారు మోపినట్లగును.

క్లోర్‌ఫెనిరమీను మితిమీరినచో నోరెండును, మూత్రము బిగియును, గుండె దడదడలాడును, మతి చెదరును, మూర్ఛలును రావచ్చును. రెండవ తెగదైన డెక్స్‌ట్రోమెథార్ఫాన్ వైద్యుడు చెప్పిన కొలతలో సాధువే. మితిమీరినచో లేనివి కనబడును, తూలును, గుండెవేగము హెచ్చును. మనోవ్యాధికి మందులు వాడువారి విషయమున అది మరింత ప్రమాదకరము. కొన్ని జలుబు సిరప్పులలో పారసెటమాలు కూడ కలిసియుండును. అట్టివి సీసాలుగా త్రాగినచో కాలేయము చెడును. త్రాగినవానికి మొదటి రెండు దినములు ఏమియు తెలియకయు పోవచ్చును.

అలవాటు ఎట్లు బిగియునో వినుడు. మొదట కొద్దిపాటితో కలిగిన మత్తు కొన్ని వారములకు కలుగదు, కొలత పెంచవలసివచ్చును. మానినచో ఆవలింతలు, కన్నుముక్కుల నీరు, ఒళ్లునొప్పులు, విరేచనములు, నిద్రలేమి వచ్చి పీడించును. ఆ బాధకు వెరచి మరల సీసా పట్టును. అప్పుడు త్రాగునది సుఖమునకు కాదు, బాధ తప్పించుకొనుటకు. పెద్దలు దీనిని తెలిసికొననిచో, "బుద్ధి చెప్పినను మానడు, సిగ్గు లేదు" అని మాత్రమే అందురు. సిగ్గు ఉన్నవాడే అది దాచుటకు అబద్ధములాడును. అది దేహమునకు పట్టిన రోగము.

ఇచట ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. కొడుకును గదిలో పెట్టి తాళము వేసి, పదిదినములు మాన్పించి, "ఇక బాగైనాడు" అని విడిచిపెట్టు తండ్రులున్నారు. ఆ పదిదినములలో దేహము తన పాత ఓర్పును కోల్పోవును. విడువగనే వాడు మునుపటి కొలతనే త్రాగినచో, నాడు ఓర్చుకొన్నదే నేడు చంపును. కోపముతో చేసిన వైద్యము ఇట్లు ప్రాణము మీదికి తెచ్చును. నల్లమందు తెగకు అలవాటు పడినవారికి వైద్యశాస్త్రమున బ్యుప్రెనార్ఫిన్ వంటి మందులును, క్రమమైన చికిత్సయు కలవు. కాకినాడ వంటి పట్టణములలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల మానసిక వైద్య విభాగమునకు పోవచ్చును. మత్తు మాన్పు సలహాలకు 14446 అను ప్రభుత్వ నంబరునకును, మనోవ్యధకు 14416 నకును ఫోను చేయవచ్చును. దీనికి సొమ్ము నక్కరలేదు.

అలవాటును పసిగట్టుట ఎట్లు? దగ్గు లేనివాని గదిలో ఖాళీ సీసాలు, పగలు కూర్చున్నచోటనే కునుకు, వెలుతురులేని చోటను సూదిమొనవలె చిన్నవైన కంటిపాపలు, మలబద్ధము, దురద, తీపి పానకము వలన పుచ్చిన పండ్లు, ఇంటిలో చిల్లర సొమ్ము మాయమగుట. ఇందొక్కటి కనబడినంతనే నిందవేయరాదు. కొన్ని కలిసి కనబడినచో ఊరకుండరాదు.

ఎవడైన త్రాగి లేపినను లేవకున్నను, పెదవులు నీలమైనను, ఊపిరి నిదానించినను, తక్షణమే 108 నకు ఫోను చేయవలెను. రోగిని ఒక ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టవలెను. మన ఊళ్లలో చింతపండు పులుసు, నిమ్మరసము, మజ్జిగ పోసి వాంతి చేయించు అలవాటున్నది. తెలివిలేనివాని నోట ఏదియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. నడిపించుట, చన్నీళ్లు కుమ్మరించుట వలన కాలము వృథా. ఊపిరి ఆగినచో, తెలిసినవారు నోటితో ఊపిరి యూదవలెను. నాలోక్సోను అను సూదిమందు కోడీను మత్తును నిమిషములలో విరుచును. కావున ఆసుపత్రికి ఖాళీ సీసాను కూడ తీసికొనిపోయి, ఏమి త్రాగెనో దాచక చెప్పుడు. పరువు కొరకు దాచిన మాట ప్రాణమును తీయగలదు.

చట్టము తన వంతు చేసినది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము కోడీనుకు వర్తించును. 2013లో తెచ్చి 2014 మార్చినుండి అమలుచేసిన షెడ్యూలు హెచ్-1 నియమము ప్రకారము, వైద్యుని చీటీ లేక కోడీను మందు నమ్మరాదు. కొన్నవాని పేరు, వైద్యుని పేరు, మందు మోతాదు వేరు పుస్తకమున వ్రాసి మూడేండ్లు దాచవలెను. 2023 జూను 2వ తేదీన కేంద్రప్రభుత్వము పదునాలుగు మిశ్రమ మందులను నిషేధించెను. అందు కోడీను, క్లోర్‌ఫెనిరమీను కలిసిన సిరప్పును ఉన్నది. అయితే చట్టము ఊరి అంగడి దాకా రావలెనన్నచో ఊరి పెద్దల కన్ను కావలెను. పిల్లవాడు చీటీ లేక వచ్చినచో ఈయవలదని మందుల అంగడివానితో స్నేహపూర్వకముగ చెప్పుటకు మీ మాట కన్న బలమైనది లేదు.

ఇంటిలో చేయదగినది స్వల్పమే. మిగిలిన సీసాలు గూటిలో నుంచక, పారబోసి పారవేయుడు. సామాన్యపు జలుబుదగ్గు చాలవరకు దానంతట అదియే రెండు మూడు వారములలో పోవును. మిరియాల కషాయము, గోరువెచ్చని నీరు, పెద్దలకును ఏడాది దాటిన పిల్లలకును తేనె ఉపశమనమిచ్చును; ఏడాదిలోపు బిడ్డకు తేనె పనికిరాదు. రెండు వారములకు మించి దగ్గినచో, దానికి కారణము క్షయయో మరొకటియో తెలిసికొనుటకు కఫము పరీక్ష చేయింపవలెను. సీసాతో దగ్గును నోరు మూయించుట, ఇంటికి నిప్పంటుకొన్నప్పుడు కేకవేయువాని నోరు నొక్కుట వంటిది.

పిల్లవాడు త్రాగుచున్నాడని తెలిసిననాడు తండ్రికి ముందు వచ్చునది కోపము. వెనుక వచ్చునది పరువు భయము. రెండును సహజములే. కాని ఆ రెండింటిని కొంతసేపు అరుగుమీద విడిచి, వాని ప్రక్కన కూర్చుండి, "ఎన్నాళ్లనుండి?" అని ఒక ప్రశ్న మెల్లగా అడుగుడు. నిజము చెప్పుటకు వానికి ధైర్యము వచ్చిననాడే చికిత్సకు తలుపు తెరచుకొనును. ఆ మరునాడే వానిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పొండు.