విన్నదెంత? అనుకున్నదెంత?
ఘాజీ మునిగిన రాత్రి

గోదావరిఖని పరిసరాల్లో వుండేవారికి బ్లాస్టింగ్ కొత్త కాదు. ఓపెన్‌కాస్టు గనిలో మందు పేల్చగానే కిటికీ రెక్కలు గడగడలాడతాయి, అలమరలో గిన్నెలు చప్పుడు చేస్తాయి. ఆ వెంటనే ఢాం అన్న శబ్దం చెవిన పడుతుంది. ఇల్లు ముందు అదరడం, చప్పుడు తర్వాత వినిపించడం మీరెప్పుడైనా గమనించారా? గని ఎక్కడుందో, పేల్చే వేళ ఏదో తెలుసు కనుక మనం భయపడం. అదే అదురు ఒక అర్ధరాత్రి, సముద్రం వైపు నుంచి, ఏ హెచ్చరికా లేకుండా వస్తే ఏమనుకుంటాం?

విశాఖపట్నం ప్రజలకు 1971లో అలాంటి అనుభవమే కలిగింది.

ఆ రాత్రి

1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాలపై దాడి చేశాయి. యుద్ధం మొదలైంది. అర్ధరాత్రి దాటాక ప్రధాని ఇందిరాగాంధీ రేడియోలో దేశప్రజలతో మాట్లాడారు. ఇంచుమించు ఆ సమయంలోనే విశాఖ తీరానికి చేరువలో పెద్ద పేలుడు జరిగింది. తీరం దగ్గరి ఇళ్ళు అదిరాయి. మర్నాడు జాలరులు నీటిపై తేలుతున్న వస్తువులను చూసి నౌకాదళానికి తెలిపారు.

మునిగినది ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నిర్మించిన ఈ నౌక మొదటి పేరు డయాబ్లో. 90 మందికి పైగా వున్న దాని సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుకుతూ అది బంగాళాఖాతంలోకి వచ్చింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను ముందే అండమాన్ వైపు పంపి, అది ఇంకా విశాఖ దగ్గరే వున్నదని శత్రువు నమ్మేలా చేశారు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఘాజీ మునిగిందని ప్రభుత్వం ప్రకటించింది డిసెంబరు 9న. అంటే అదురును అనుభవించినవారికి, అది ఏమిటో కొన్ని రోజుల దాకా తెలియదు.

నేల ముందు, గాలి తర్వాత

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, సముద్రజలంలో సుమారు 1500 మీటర్లు ప్రయాణిస్తుంది. గట్టి రాతిలో ఇంకా వేగంగా, సెకనుకు కొన్ని కిలోమీటర్లు పోతుంది. పేలుడు 3 కిలోమీటర్ల దూరంలో జరిగిందనుకోండి. రాతి గుండా అదురు ఒక సెకను లోపే వస్తుంది. నీటి గుండా రెండు సెకన్లు పడుతుంది. గాలి గుండా చప్పుడు రావడానికి దాదాపు 9 సెకన్లు కావాలి.

మరొక విశేషం కూడా వుంది. నీటిలో పుట్టిన శబ్దంలో చాలా భాగం నీటి ఉపరితలం దాటి గాలిలోకి రాదు. అద్దం మీద పడిన వెలుగులా వెనక్కి మళ్ళుతుంది. అందువల్ల నీటి అడుగున జరిగిన పేలుడును ఒడ్డునవారు చెవులతో కంటే కాళ్ళ కింద నేలతో ఎక్కువగా తెలుసుకుంటారు. "ముందు మంచం కదిలింది, భూకంపమనుకున్నాను" అని ఎవరైనా చెబితే ఆ మాట భౌతికశాస్త్రానికి సరిపోతుంది.

కారణం ఏమిటి?

ఆ రాత్రి రేవు నుంచి బయలుదేరిన రాజ్‌పుత్ అనే మన నౌక, నీటిలో అలజడి కనిపించిన చోట రెండు డెప్త్ చార్జీలు వేసింది. అవి నిర్ణీత లోతుకు చేరాక పేలే బాంబులు. ఘాజీ వాటివల్లనే మునిగిందన్నది మన నౌకాదళం మాట. తాను పరచిన మైనే తనకు తగిలి అది పేలిపోయిందన్నది పాకిస్తాన్ మాట.

మూడవ ఊహ బొగ్గుగనుల పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. నీటిలో మునిగి వున్నప్పుడు ఘాజీ వంటి జలాంతర్గాములు బ్యాటరీలతో నడిచేవి. బ్యాటరీలను చార్జి చేసేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక నిప్పురవ్వతో పేలగలదు. గనిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య వుంటే పేలుతుంది. అందుకే గనిలో గ్యాసు పరీక్ష, గాలి పంపే ఫ్యాన్లు అంత ముఖ్యం. ఘాజీలో కూడా హైడ్రోజనే పేలిందని కొందరి అభిప్రాయం.

ఈ మూడింటిలో ఏది జరిగినా ఒడ్డున వున్నవారికి అదురు ఒకలాగే వుంటుంది. అది ఎప్పుడు వచ్చింది, ఎంత గట్టిగా వచ్చింది, ముందు ఏది, తర్వాత ఏది అన్నవి వారు చెప్పగలరు. ఎవరివల్ల వచ్చిందో వారి చెవులు చెప్పలేవు. "డెప్త్ చార్జీ పేలడం విన్నాను" అనే మాటలో విన్నది పేలుడు మాత్రమే. డెప్త్ చార్జీ అన్నది తర్వాత తెలుసుకున్నది. అలా అన్నవారు అబద్ధమాడుతున్నారని కాదు. జ్ఞాపకం పనిచేసే తీరే అది.

లేని గాజుముక్కలు

అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే శాస్త్రజ్ఞులు 1974లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. విద్యార్థులకు కారు ప్రమాదం చిత్రం చూపించారు. కార్లు "తగిలినప్పుడు" ఎంత వేగంతో వున్నాయని 50 మందిని, "పగిలేలా గుద్దుకున్నప్పుడు" ఎంత వేగంతో వున్నాయని మరో 50 మందిని అడిగారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అని ప్రశ్నించారు. మొదటివారిలో 7 మంది, రెండవవారిలో 16 మంది చూశామన్నారు. నిజానికి చిత్రంలో పగిలిన గాజు లేనే లేదు! ప్రశ్నలోని ఒక్క మాట జ్ఞాపకాన్ని మార్చింది.

వారం రోజుల్లో, ఒక్క మాటతో ఇంత జరిగితే, 50 ఏళ్ళు దాటాక ఏమవుతుంది? 2017లో ఘాజీ పేరుతో తెలుగు సినిమా వచ్చింది. అందులో మన జలాంతర్గామి ఒకటి ఘాజీతో పోరాడుతుంది. అది కల్పన. మన నౌకాదళం ఘాజీ విషయంలో చెప్పేది రాజ్‌పుత్ పేరు. అది జలాంతర్గామి కాదు, నీటిపై నడిచే నౌక. విశాఖ బీచిలో 2002 నుంచి మ్యూజియంగా వున్న కుర్సురాను చూసి, ఘాజీని ముంచింది ఇదే అనుకునేవారు కూడా వుండవచ్చు. విశాఖపై 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేశాయి. పెద్దల నోట విన్న ఆ సంగతులు, తాము చూసినవి ఒకరి మనసులోనే కలిసిపోవచ్చు.

ఎలా అడగాలి?

1971లో పదేళ్ళ వయసున్నవారు ఇప్పుడు అరవై దాటినవారు. వారి మాటలను ఆలస్యం చేయకుండా రాసిపెట్టాలి. అడిగేటప్పుడు "బాంబు చప్పుడు విన్నారా?" అనకండి. "ఆ రాత్రి ఏం జరిగింది?" అని ఊరుకోండి. తర్వాత ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, రేడియో మోగుతున్నదా, ముందు ఏది కదిలింది అని అడగండి. చూసింది, విన్నది ఒక వరసలో రాయండి. ఇతరులు చెప్పినది, సినిమాలో చూసినది మరో వరసలో రాయండి. ఒకరినొకరు ఎరగని ఇద్దరి మాటలు కలిస్తే వాటికి బలం ఎక్కువ.

ఈ పద్ధతి సముద్రతీరానికే పరిమితం కాదు. గనిలో పైకప్పు కూలినా, గ్యాసు అంటుకున్నా, బయటపడినవారి మాటలే విచారణకు మొదటి ఆధారం. వారు చూసినదాన్ని, ఊహించినదాన్ని విడదీసి రాసుకుంటేనే అసలు కారణం దొరుకుతుంది. కారణం దొరికితేనే మరో షిఫ్టు వారి ప్రాణాలు నిలుస్తాయి.