జీడిపప్పు బోర్మాలో వేడి నిలుపు పెట్టె: దాని వాడుకయు, దాని తెగుళ్లును

ఉద్దానపు తోటలలో మార్చి మొదలు మే వఱకు జీడిపిక్కలు రాలును. వానిని ఏఱుట, ఎండబెట్టుట, ఎనుబది కిలోల బస్తాలుగా కట్టుట మన రైతులకు మేము నేర్పవలసిన పనులు కావు. ఆ పిక్క పలాస, కాశీబుగ్గల కొట్టములకు చేరి పప్పయి వెలువడు నడుమ దాని వెలను తేల్చు మెట్టు ఒకటి కలదు. అది బోర్మా. ఆవిరిపై ఉడికించి, చల్లార్చి, డొక్క పగులగొట్టి తీసిన పప్పులో నూటికి ఎనిమిది పాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నీరుండును. దానిని జాలీ పళ్లెములపై పఱచి, డెబ్బది డిగ్రీల ప్రాంతపు వేడిగాలిలో ఆఱేడు గంటలుంచి, నీటిని నూటికి అయిదు పాళ్లకు లోపుగా దింపినగాని పైపొట్టు వదలదు.

వేడి తగ్గెనా, పొట్టు అంటుకొనిపోవును. కత్తితో గీకవలసివచ్చి గుండు బద్దలగును. వేడి మించెనా, పప్పు కమిలి యెఱ్ఱబాఱును. పౌనునకు 300 మొదలు 320 గింజలు తూగు తెల్లని గుండును వర్తకులు డబ్ల్యూ 320 అందురు. అదే గుండు కమిలినచో ఎస్.డబ్ల్యూ. అని వేఱు రాశి పోసి తక్కువ వెల కట్టుదురు. తోట అదే, కూలి అదే, గింజ అదే. నలుగురు రైతులు కూడిగాని, సంఘము పక్షముననే గాని పప్పు తీయు కొట్టము పెట్టుకొన్నచోట ఒక రాత్రి బోర్మాలో నుండు పప్పు అనేక కుటుంబముల తోటలది. కావున ఆ బోర్మా తలుపు ప్రక్కన గోడకు బిగించియున్న ఎలక్ట్రానిక్ కంట్రోలరును గూర్చి సభ్యులందఱును కొంత తెలిసికొనియుండుట మంచిదని మా యభిప్రాయము. అది మెకానిక్కు సొత్తనియు, మనము ముట్టరాదనియు అనుకొనుట వలన జరుగు నష్టము, ముట్టుట వలన జరుగు నష్టముకంటె తక్కువది కాదు.

ఈ యేర్పాటులో మూడు భాగములు గలవు: కన్ను, బుద్ధి, చేయి. కన్ననగా బోర్మాలోనికి చొచ్చుకొనియుండు సెన్సారు. బుద్ధి యనగా అంకెలు వెలుగు పెట్టె. చేయి యనగా హీటరునకు కరెంటు నిచ్చుచు, తీయుచునుండు కాంటాక్టరు. తెగులు వచ్చినప్పుడు జనులు ముందుగా పెట్టెను నిందింతురు. మూడింటిలో తఱచుగా చెడునది కన్ను, తరువాత చేయి, పెట్టె చెడుట అరుదు.

సెన్సారులు రెండు విధములు. థర్మోకపుల్ అనునది రెండు వేర్వేఱు లోహపు తీగలను మొనవద్ద కలిపి అతికినది. మొన వేడెక్కినప్పుడు ఆ తీగలలో అత్యల్పమైన కరెంటు ఒత్తిడి పుట్టును. ఈ ధర్మమును జర్మను శాస్త్రజ్ఞుడు సీబెక్ 1821లో కనిపెట్టెను. కె రకపు థర్మోకపుల్‌లో ఒక్కొక్క డిగ్రీకి పుట్టునది వోల్టులో పది లక్షలవ వంతులు నలుబదియొకటి మాత్రమే. రెండవది పి.టి. 100. ఇది ప్లాటినపు తీగ. సున్న డిగ్రీల వద్ద దాని నిరోధము 100 ఓములు, డెబ్బది డిగ్రీల వద్ద 127 ఓములు. బోర్మాలో ఏది యున్నదో పెట్టెలోపలి అమరికలో చెప్పియుండవలెను. ఒకటి పెట్టి మఱియొకటి చెప్పినచో పెట్టె చూపు అంకె నమ్మదగినది కాదు.

పెట్టె ముఖమున సాధారణముగా రెండు అంకెలు వెలుగును. పైది మొనవద్ద ఇప్పుడున్న వేడి. క్రిందిది మనము కోరిన వేడి. ఈ రెంటి భేదమును చూచి పెట్టె పనిచేయు తీరు తెలియవలెనన్న బెల్లపు పెనము క్రింద మంట వేయువానిని తలచుకొనుడు. పని తెలియనివాడు పాకము పొంగగానే మంట లాగివేయును, అణగగానే పిప్పి కుక్కును. పాకము ఒకసారి మాడును, ఒకసారి చల్లబడును. పని తెలిసినవాడు మూడు సంగతులు చూచును. కావలసిన పదునునకు ఇంకెంత దూరమున్నది? ఎంతసేపటినుండి వెనుకబడియున్నది? ఇప్పుడెంత వేగముగా పైకి వచ్చుచున్నది? మూడును లెక్కవేసి, పదును రాకమునుపే మంట తగ్గించును. పెట్టెలో పి, ఐ, డి అను మూడక్షరములు ఈ మూడు లెక్కలే.

ఆ యక్షరములకు అంకెలు మనము ఊహించి వేయనక్కఱలేదు. ఆటో ట్యూన్ అను మీట నొత్తినచో పెట్టె తానే వేడిని కొన్నిసార్లు పైకి క్రిందికి త్రోసి చూచి కుదుర్చుకొనును. కాని దానిని ఖాళీ బోర్మాలో చేయుట వ్యర్థము. పళ్లెములు నిండుగా నుండి, పంకా తిరుగుచు, తలుపు మూసియుండగా చల్లని బోర్మానుండి మొదలుపెట్టవలెను. కుదురుటలో వేడి కోరినదానికి మించి కొంత పోవును గనుక ఆ పూటకు 60 డిగ్రీలు మాత్రమే కోరుట క్షేమము. కుదిరిన పిమ్మట అంకెలన్నిటిని పుస్తకమున వ్రాసికొని, మీటలకు తాళపు సంఖ్య వేయవలెను. రాత్రి కాపలావానికి నిద్ర రాకున్న మీటలు నొక్కి చూచుట మానవ స్వభావము.

ఇక తెగుళ్లు. అంకెకు బదులు గీతలుగాని, ఓపెన్ అను మాటగాని, మిణుకుమను చిహ్నముగాని కనిపించినచో సెన్సారు దారి తెగినదని యర్థము. మెయిన్ స్విచ్చి తీసి, పెట్టె వెనుక సెన్సారు వైర్లను విప్పుడు. థర్మోకపుల్ అయినచో ఆ రెండు టెర్మినళ్లకు చిన్న రాగితీగ ముక్క తగిలించి మరల పెట్టెకు కరెంటిచ్చి చూడుడు. గదిలోని వేడి చూపినచో పెట్టె మంచిది. దోషము బయట నున్నది. పి.టి. 100 అయినచో విప్పిన సెన్సారునే మల్టీమీటరుతో కొలువవచ్చును. ముప్పది డిగ్రీల గదిలో 112 ఓముల ప్రాంతము చూపవలెను.

బోర్మా వేడెక్కుచుండగా పై యంకె దిగజాఱుచున్నచో థర్మోకపుల్ వైర్లు తారుమాఱైనవి. ఇది వెంటనే కనబడు తప్పు. అందుచేత అపాయము తక్కువ. కనబడని తప్పు వేఱొకటి కలదు. థర్మోకపుల్ నుండి పెట్టెవఱకు దానికి తగిన ప్రత్యేకపు వైరే ఉండవలెను. ఎలుక కొఱికినచోట మామూలు కరెంటు వైరుతో ముడివేసి, అక్కడినుండి పెట్టెదాక దానినే లాగుట కొట్టములలో సులభముగా జరుగు పని. ఆ ముడి బోర్మా గోడ ప్రక్కన 45 డిగ్రీలలో నుండి, పెట్టె 30 డిగ్రీల గదిలో నున్నదనుకొనుడు. పెట్టె 15 డిగ్రీలు తక్కువ చూపును. అంకె 70 అని చల్లగా వెలుగుచుండగా పప్పు 85 డిగ్రీలలో కమిలిపోవును. పెట్టెపై ఏ హెచ్చరికయు రాదు. తెల్లవాఱి పళ్లెములు లాగినప్పుడుగాని తెలియదు.

దీనికంటెను ఘోరమైనది మొన జాఱిపోవుట. పళ్లెములు తీయు తొందరలో సెన్సారు తగిలి రంధ్రమునుండి బయటకు వచ్చి వ్రేలాడును. అప్పుడు అది చూచునది గది వేడి. ముప్పదియైదు డిగ్రీలే యున్నదని పెట్టె నమ్మి హీటరును విడువక వెలిగించును. వైరు మధ్యలో నలిగి రెండు తీగలు తాకినను ఇదే ఫలితము. ఆ తాకినచోటి వేడినే అది బోర్మా వేడి యనుకొనును. దారి తెగినప్పుడు పెట్టెకు తెలియును, హీటరు నాపును. దారి తప్పినప్పుడు తెలియదు. పెట్టె చూపునది ఎప్పుడును బోర్మా వేడి కాదు, సెన్సారు మొన వేడి. ఈ యొక్క మాట కాపలావానికి బోధపడినచో సగము నష్టములు తప్పునని మా నమ్మకము.

అందుచేత మొన పళ్లెముల నడుమ గాలి పాఱుచోట, గోడకు గాని హీటరునకు గాని తగులక నుండవలెను. మఱతో బిగించి యుండవలెను. బోర్మాలో వేఱొక సాదా ఉష్ణమాపకము వ్రేలాడదీయుడు. ముల్లు తిరుగు లోహపుది మేలు. పాదరసపు గాజుగొట్టము పగిలినచో ఆ పప్పంతయు పాఱబోయవలసినదే. రెంటి అంకెలను గంటగంటకు పుస్తకమున వ్రాయవలెను. నెలకొకసారి సెన్సారు మొనను కరగుచున్న మంచుముక్కల నీటను, తెర్లుచున్న నీటను ఉంచి చూడవలెను. మొదటిచోట 0, రెండవచోట 100 రావలెను. మన తీరపు గ్రామములలో ఈ లెక్క సరిపోవును. అరకు వంటి ఎత్తు ప్రదేశములలో నీరు మూడు డిగ్రీలు ముందే తెర్లును. ఒకటి రెండు డిగ్రీల భేదమును పెట్టెలోని సవరణ అంకెతో దిద్దవచ్చును. పది డిగ్రీల భేదమును దిద్దరాదు; దాని కారణము వెదకవలెను.

చేతి సంగతి కొలదిగా చెప్పెదము. పెట్టెలోని రిలే చిన్నది, కొన్ని ఆంపియర్లకు మించి మోయలేదు. కావున అది కాంటాక్టరును నడుపును. కాంటాక్టరు హీటరును నడుపును. పెట్టెపై చిన్న దీపము వెలుగుచున్నను వేడి రాకున్న, మెయిన్ తీసి ఫ్యూజులు, కాంటాక్టరు, హీటరు వరుసగా చూడుడు. రెండు కిలోవాట్ల హీటరు 26 ఓముల ప్రాంతము చూపవలెను. ఏమియు చూపనిచో కాలిపోయినది. ఉద్దానమున సముద్రపు ఉప్పుగాలి ఇత్తడి మఱలకు చిలుము పట్టించును. చీమలు కాంటాక్టరులో కాపురముండును. బల్లి దూరినచో చెప్పనక్కఱలేదు. పెట్టెకు రబ్బరు అంచు గల మూత, వైరు దూరు రంధ్రములకు బిరడాలు ఉండవలెను. దీపము ఆరియున్నను వేడి పెరుగుచున్నచో కాంటాక్టరు ముఖములు కరగి అతుక్కొన్నవి. అప్పుడు మీటలతో పెనగులాడక వెంటనే మెయిన్ తీయవలెను. కాంటాక్టరునకు బదులు సాలిడ్ స్టేట్ రిలే యున్నచోట కూడ ఇదే జాగ్రత్త. అది చెడునప్పుడు తఱచుగా వెలిగినట్లే యుండిపోవును. దానిలో దీపము ఆరినను కొంత కరెంటు జాఱుచుండును గనుక మెయిన్ తీయక హీటరును తాకరాదు.

కన్ను, చేయి బాగుగ నుండియు వేడి ఎక్కనిచో కరెంటును కొలువుడు. వోల్టేజి 230 నుండి 190కి దిగినచో తగ్గినది ఆఱవ వంతే యని తోచును గాని, హీటరు బలము వోల్టేజి వర్గమును బట్టి తగ్గును. ఆఱు కిలోవాట్ల బోర్మా నాలుగు కిలోవాట్లకు పడిపోవును. మూడు ఫేజులలో ఒకటి పోయినను ఇంచుమించు అంతే. పంకా బెల్టు వదులైనను వేడి పళ్లెములకు చేరదు. పంకా తిరుగనిదే హీటరు వెలుగకుండునట్లు రెంటికిని లంకె పెట్టుట తప్పనిసరి.

ఇంత చెప్పినను ఒకే కన్నుపై, ఒకే చేతిపై రాత్రియంతయు ఆధారపడుట మాకు సమ్మతము కాదు. పప్పులో ఇంచుమించు సగము నూనె. రాలిన పొట్టు ఎండుటాకువలె అంటుకొనును. కోరిన వేడికి 15 డిగ్రీలు పైన హీటరును పూర్తిగా తెంచివేయు రెండవ రక్షణ పరికరము ఉండితీరవలెను. దానికి సెన్సారు వేఱు, కాంటాక్టరు వేఱు కావలెను. మనిషి వచ్చి చేతితో నొక్కినగాని మరల కలియరాదు. పెద్ద కంట్రోలరులోని అలారమునే దీనికి వాడుకొమ్మని కొందఱు చెప్పుదురు. తప్పు చూచు కన్నే అలారమును మ్రోగించవలసియున్నప్పుడు ఆ అలారము వలన ప్రయోజన మేమి?

కరెంటు పోవుట మన ప్రాంతమున కొత్త కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానమున తోటలతోపాటు స్తంభములును కూలి పెక్కుదినములు చీకటి యయ్యెను. అట్టి విపత్తు మాట యటుంచుడు. మామూలు దినమున అరగంట కరెంటు పోయి వచ్చినను, కొన్ని పెట్టెలు కాలపు లెక్కను మొదటినుండి ప్రారంభించును. నాలుగు గంటలు ఆఱిన పప్పు మరల ఏడు గంటలు ఆఱి పెళుసై, పొట్టు తీయునప్పుడు నూకయగును. కరెంటు రాగానే గడియారమును నమ్మక, పై పళ్లెమునుండి ఒకటి, క్రింది పళ్లెమునుండి ఒకటి పప్పు తీసి చల్లార్చి వ్రేళ్లతో నలిపి చూడుడు. పొట్టు జాఱినచో చాలును. జనరేటరు వేసినప్పుడు వోల్టేజి నిలుకడపడిన పిదపనే హీటరు కలుపవలెను.

పిక్కలు రాకమునుపు, ఫిబ్రవరిలోనే, లైసెన్సు గల ఎలక్ట్రీషియనును పిలిపించి మఱలన్నియు బిగింపించి, ఎర్తును పరీక్ష చేయింపుడు. సెన్సారొకటి, దాని వైరు కొన్ని మీటర్లు, కాంటాక్టరొకటి, ఫ్యూజులు కొట్టములో ముందుగా కొని యుంచవలెను. పంట దినములలో వీనికై విశాఖపట్టణమునకు మనిషిని పంపినచో ఒక దినము పోవును. వైర్లను విప్పకమునుపే ఒక్కొక్క దానికి రంగుదారము కట్టి, ఏది యే టెర్మినలునకు పోవునో పుస్తకమున గీసికొని, ఆ పుస్తకమును బోర్మా తలుపునకే వ్రేలాడదీయుడు.