చాక్లెట్ మీద కాఫీ... కాఫీ మీద మీగడ!

చెన్నై లోకల్ రైలు పట్టుకునేవాళ్లున్న ఇంట్లో ఇల్లాలి పొద్దు ఎప్పుడు మొదలవుతుందో సూళ్లూరుపేటలో ఎవరిని అడిగినా చెబుతారు. పిల్లలకు పాలు, ఆయనకు కాఫీ, క్యారియర్లలోకి టిఫిను... అన్నీ అయ్యాక ఆమెకు మిగిలేది చల్లారిన కాఫీ! అదీ నిలబడే తాగాలి. మరి కాఫీని తీరిగ్గా కూర్చుని తాగే పానీయంగా మలుచుకున్న ఊరొకటుంది తెలుసా? ఇటలీలోని టురిన్.

అక్కడి కాఫీ పేరు 'బిచెరిన్'. వాళ్ల యాసలో 'చిన్న గ్లాసు' అని అర్థం. అడుగున చిక్కటి వేడి చాక్లెట్, పైన కాఫీ, ఆ పైన చల్లటి మీగడ. గాజు గ్లాసులో మూడు పొరలూ విడివిడిగా కనిపిస్తాయి. కలపకుండా తాగడమే పద్ధతి!

ఆడవాళ్లు కూర్చున్న హోటలు

ఇదే పేరుతో ఉన్న కాఫీ హోటలు 1763లో మొదలైంది. ఎదురుగానే కన్సొలాటా మాత చర్చి. చాక్లెట్ తాగితే ఉపవాస భంగం కాదని అప్పట్లో నమ్మేవారు. అందుకని ప్రార్థన కాగానే ఆడవాళ్లు నేరుగా ఇక్కడికొచ్చేవారు. కాఫీ హోటలంటే మగవాళ్లదే అనుకునే రోజుల్లో వాళ్లు నిస్సంకోచంగా కూర్చోగలిగిన చోటిది. చాలాకాలం దీన్ని నడిపిందీ మహిళలే.

మన వంటింట్లో...

కోకో మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంట. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక డికాషన్ మనకు కొత్తా?

ఇద్దరికి: చిన్న గ్లాసు పాలలో మూడేసి చెంచాల కోకో పొడి, పంచదార ఉండలు లేకుండా కలిపి, గరిటెకు అంటుకునేదాకా సన్నటి సెగ మీద కాయాలి. గ్లాసుల్లో సగం పోసి, చెంచా వీపు మీదుగా చిక్కటి వేడి డికాషన్ నెమ్మదిగా వంచాలి. చల్లటి మీగడను కొద్దిగా గిలక్కొట్టి పైన వేస్తే సరి!

ఒక్కమాట

కాఫీ, టీలు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. అందుకే భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి టిఫినుకు బదులు కాఫీతో సరిపెట్టుకోకండి. సాయంత్రం నాలుగింటికి, పని పక్కనపెట్టి, కూర్చుని తాగండి. మీగడ మీ గ్లాసులోనూ వేసుకోండేం!