ముప్పై మంది ఆటగాళ్లు, నూటపది మంది పిల్లలు

చిట్యాల నుంచి భువనగిరి రోడ్డు పట్టుకుంటే ఏకశిల కోటగుట్ట దగ్గరికి చేరతాం. నున్నటి రాయి. చాలాచోట్ల వేలి కొస ఆనేంత నెర్రె తప్ప పట్టు దొరకదు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు 110 మంది నడుముకు తాడు కట్టుకుని కొండెక్కడం నేర్చింది ఈ రాతి మీదే. వాళ్లలో 20 మంది డార్జిలింగ్ శిక్షణకు వెళ్లారు. వడపోత అయ్యాక మిగిలింది ఇద్దరు: నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్ట్ ఎక్కారు. తెలంగాణ పుట్టడానికి ఇంకా 8 రోజులుంది. పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఈ పిల్లల్ని కొండలదాకా నడిపించిన అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్‌ది పాలమూరు వైపు అలంపూర్.

ఆట ఈ పిల్లల్ని శిఖరం ఎక్కించింది. మరి అది ఒక క్యాంపస్‌ను మార్చగలదా? అమెరికాలో మార్చింది. 1839లో పెట్టిన మిసోరీ యూనివర్సిటీ తొలి నల్లజాతి విద్యార్థిని చేర్చుకోవడానికి 1950 దాకా పట్టింది. 2015లో జాతి వేధింపులపై ఒక విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నా యాజమాన్యం కదల్లేదు. నవంబర్ 7న ఫుట్‌బాల్ జట్టులోని 30 మందికి పైగా నల్లజాతి ఆటగాళ్లు, వర్సిటీ అధ్యక్షుడు టిమ్ వోల్ఫ్ దిగిపోయేదాకా ఆడేది లేదన్నారు. మ్యాచ్ రద్దయితే ఎదుటి జట్టుకు 10 లక్షల డాలర్లు కట్టాలి. 9వ తేదీన ఆయన రాజీనామా చేశాడు. నీతి చెప్తే వినని చెవులకు నష్టం లెక్క వినపడింది, అంతే.

అది జరిగిన రెండు నెలలకే మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టళ్ల నుంచి గెంటేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆరుబయట 'వెలివాడ' వేసుకున్నారు. 2016 జనవరి 17న వారిలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. వాళ్ల పక్కన నిలబడి ఆట మానేస్తామని బెదిరించగల జట్టు మన వర్సిటీల్లో ఎక్కడిది? మానేసినా నష్టపోయేదెవరు?

కాబట్టి ఇక్కడ ఆట చేసేది వేరే పని. ఒత్తిడి పెట్టలేదు గానీ, వీళ్ల వల్ల ఏమవుతుందన్న వాళ్ల నోరు మూయిస్తుంది. పూర్ణ 2022లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. అయినా నా దృష్టిలో ఆమె రికార్డు కన్నా ఆ 110 పెద్ద అంకె. గురుకులంలో పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులు పది ఫలితాల శాతంతో పాటు ఇంకొకటి కూడా అడగాలి: ఈ ఏడాది ఎంతమందిని ఆటకు పంపారు?