నరం పట్టేసిందంటే – ఏ నరం?



2022 శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతం నాటి ఉదయం, తలంటు పోసుకుని వచ్చి జడ వేసుకుందామని ఎడంచెయ్యి వెనక్కి పెట్టబోతే చెయ్యి వెళ్ళలేదు. భుజంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. మా అమ్మాయిని పిలిచి జడ వేయించుకుని, పూజ అయిందనిపించాను. సాయంత్రం పేరంటానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ, "నరం పట్టేసి ఉంటుందండీ, నాలుగు రోజులు మర్దనా చేయించుకుంటే అదే పోతుంది" అంది. ఇంకొకావిడ, "వాతం" అంది. మూడో ఆవిడ శనగలు అందుకుంటూ, "మన వయసుకి అందరికీ వచ్చేదే లెండి" అని తేల్చేసింది. అప్పుడు తెలియలేదు గాని, ఆ ముగ్గురిలో నిజానికి దగ్గరగా వచ్చింది మూడో ఆవిడే.

నేను మొదటి ఆవిడ మాట విన్నాను. ఎవరో చెప్తే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన గోరువెచ్చటి నూనె రాసి, కాసేపు బాగానే పట్టి, చివర్న చెయ్యి పట్టుకుని ఒక్క విసురున పైకి లాగాడు. ఆ రాత్రీ, మర్నాటి రాత్రీ మంచం మీద కూర్చునే తెల్లవార్చాను. ఆయన్ని ఇప్పుడు తిట్టుకోను. నా భుజంలో ఏం జరుగుతోందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. చేతులతో చేసే వైద్యం గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పాలనుకోవడానికి కారణం అదే.

మన మాటల్లోనే ఒక చిక్కుంది, గమనించారా? మనం అన్నిటినీ నరమే అంటాం. రక్తం తీసే అమ్మాయి, "నరం దొరకడం లేదమ్మా" అంటుంది, అది రక్తనాళం. మెడ తిప్పలేకపోతే నరం పట్టేసిందంటాం; అక్కడ పట్టేసింది కండరమో, కండరాన్ని ఎముకకి కట్టిఉంచే పట్టీయో. అరికాళ్ళు తిమ్మిరెక్కితే నరాల బలహీనత అంటాం. అది మాత్రం అసలు నరం. మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ బయల్దేరి, కరెంటు తీగెలాగా ఒళ్ళంతా పాకి, స్పర్శనీ కదలికనీ మోసేది అదే. మూడూ మూడు రకాలు. మూడింటినీ ఒకే గిన్నెలో నూనెతో, ఒకే బలంతో రుద్దితే ఎలా చెప్పండి?

వీటన్నిటినీ చుట్టుకుని ఇంకొకటుంది. బత్తాయిపండు ఒలిచేటప్పుడు చూడండి. తొక్క కింద తెల్లటి దూది, ఒక్కొక్క తొనకీ పల్చటి సంచి, ఆ సంచి లోపల ఒక్కొక్క ముత్యానికీ మళ్ళీ ఒక పొర. మన ఒంట్లో కండలకీ, నరాలకీ, కీళ్ళకీ అలాగే పొరలూ, సంచులూ, పట్టీలూ ఉన్నాయి. పాఠ్యపుస్తకాల్లో దాన్ని సంయోజక కణజాలం అంటారు. నోరు తిరగని మాట. మనం పొర అనుకుందాం.

నా భుజానికి వచ్చింది ఈ పొర జబ్బే. భుజం కీలు చుట్టూ ఉండే సంచి వాచి, దళసరెక్కి, ముడుచుకుపోతుంది. ఎముక బాగానే ఉంటుంది, ఎక్స్‌రేలో చాలామటుకు ఏమీ కనిపించదు. అమెరికాలో బోస్టను నగరపు డాక్టరు కాడ్మన్ 1934లో దీనికి ఫ్రోజెన్ షోల్డర్, అంటే గడ్డకట్టిన భుజం అని పేరు పెట్టాడు. జపాను వాళ్ళు యాభై ఏళ్ళ భుజం అంటారట! నలభైకీ అరవైకీ మధ్య వస్తుంది, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి ఎక్కువ. అందుకే మా పేరంటం మూడో ఆవిడ చెప్పింది నిజమన్నాను. అయితే ఆవిడ సగమే చెప్పింది. మిగతా సగం డాక్టరుగారు అడిగారు.

"మీకు షుగరుందా?"

"లేదండీ."

"ఎప్పుడు చూపించుకున్నారు?"

ఎప్పుడు? మా రెండోవాడి కాన్పప్పుడు. వాడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు! మా ఇంట్లో ఆయనకి ఏటా పరీక్షలవుతాయి, అత్తగారికి మూడునెలలకోసారి అవుతాయి. రక్తం తీసే కుర్రాడు మా గుమ్మంలోకే వస్తాడు, నేనే కాఫీ ఇస్తాను. ఒక్కసారి నా చెయ్యి చాపాలని తోచలేదు. ఆవేళ రక్తం ఇస్తే మూడునెలల సగటు 7.8 వచ్చింది. 6.5 దాటితే షుగరు కింద లెక్క. షుగరున్నవాళ్ళకీ, థైరాయిడ్ జబ్బున్నవాళ్ళకీ ఈ భుజం బిగుసుకోవడం మిగతావాళ్ళకంటే ఎక్కువట. భుజం చూపించుకోవడానికి వెళ్ళి షుగరు సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. భుజం పట్టకపోతే ఇంకెన్నాళ్ళకి తెలిసేదో!

ఈ జబ్బు మూడు మజిలీలు నడుస్తుంది. మొదట కొన్ని నెలలు నొప్పి, రాత్రిళ్ళు మరీను. తరవాత నొప్పి తగ్గి బిగుసుకుపోతుంది. ఆ తరవాత మెల్లిగా వదులవుతుంది. మొత్తం మీద ఏడాది నుంచి మూడేళ్ళు పట్టొచ్చు. మొదటి మజిలీలో, వాచి ఉన్న సంచిని పట్టుకుని లాగితే ఇంకా వాస్తుంది. ఆ నూనె పెట్టినాయన లాగింది సరిగ్గా అప్పుడే.

డాక్టరుగారు భుజంలోకి ఒక సూదిమందు ఇచ్చి, "నాలుగైదు రోజులు షుగరు పెరుగుతుంది, కంగారుపడకండి, చూసుకుంటూ ఉండండి" అని ముందే చెప్పారు. తరవాత ఫిజియోథెరపీ. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. మొదటిరోజు భుజం ముట్టుకోకుండా అరగంట ప్రశ్నలు వేసింది. ఎటు తిప్పితే నొప్పి, ఏ వైపు పడుకుంటారు, గ్రైండరు ఎత్తుతారా అని. తరవాత వేడి కాపడం పెట్టి, కీలుని వేళ్ళతో పట్టుకుని, కదిపిందా లేదా అన్నంత మెల్లిగా అటూ ఇటూ జరిపింది. "నొప్పి పుట్టగానే చెప్పండి, ఆపేస్తాను" అంది. ఏడుపొచ్చేదాకా పట్టించుకుంటేనే వైద్యం అనుకునేదాన్ని, నాకు ఆ మాట వింతగా తోచింది.

ఇంట్లో చెయ్యమన్నవి రెండు. ఒకటి, కుడిచెయ్యి బల్లమీద ఆన్చి, ముందుకి వంగి, ఎడంచేతిని గడియారం లోలకంలాగా వేలాడేసి చిన్న చిన్న సున్నాలు చుట్టడం. దీన్ని కాడ్మన్ పేరుతోనే చెప్తారు. రెండోది, గోడ దగ్గర నిలబడి వేళ్ళని చీమల్లాగా పైకి పాకించడం. ఎంతవరకు అందితే అక్కడ పెన్సిలుతో గీత గీసి తేదీ వేసుకునేదాన్ని. పొద్దున్న కుక్కరు కూతలెయ్యడం మొదలెట్టినప్పుడు ఒకసారి, సాయంత్రం పాలు కాగే లోపల ఒకసారి. ఒక్కోవారం గీత అంగుళం కూడా జరగలేదు. పధ్నాలుగు నెలలకి పైఅర మీది కందిపప్పు డబ్బా అందింది. ఆ గీతలు మా వంటింటి గోడమీద ఇంకా ఉన్నాయి. సున్నం వేయించేటప్పుడు అక్కడ వద్దన్నాను.

ఆపరేషను చేయించుకుంటే తొందరగా పోయేదా అని నాకూ అనుమానం వచ్చింది. బ్రిటన్‌లో 503 మందిని మూడు జట్లు చేసి చూశారట, ఆ ఫలితం 2020లో వచ్చింది. ఒక జట్టుకి సూదిమందుతోపాటు పద్ధతిగా ఫిజియోథెరపీ, ఒక జట్టుకి మత్తిచ్చి చెయ్యి వదులుచెయ్యడం, ఒక జట్టుకి చిన్న రంధ్రం గుండా సంచిని కోసి వదులుచెయ్యడం. ఏడాది తరవాత మూడు జట్ల వాళ్ళూ బాగుపడ్డారు. ఒకటి మిగతా రెండిటికంటే ఎంతో మేలని తేలలేదు. అది చదివాక మనసు కుదుటపడింది.

ఇక మణికట్టు సంగతి. అర్ధరాత్రి బొటనవేలూ, చూపుడువేలూ, మధ్యవేలూ తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తుందా? లేచి చెయ్యి విదిలిస్తే తగ్గుతుందా? అయితే అసలు నరం, పొర, రెండూ ఒకచోట తగవులాడుకుంటున్నాయన్నమాట. మణికట్టు దగ్గర ఎముకల మధ్య ఒక సందుంది. దాని పైన గట్టి పట్టీ, కింద నరం, నరంతోపాటు వేళ్ళని ముడిచే తాళ్ళు తొమ్మిది. అక్కడ కాస్త వాచినా నరం నలిగిపోతుంది. గర్భిణీలకీ, థైరాయిడ్ వాళ్ళకీ, షుగరు వాళ్ళకీ ఎక్కువ. దీనికి మణికట్టు మీద బొటనవేలుతో గట్టిగా నొక్కించుకోవడం పనికిరాదు. నలిగిన నరాన్ని ఇంకా నలపడమే. రాత్రిళ్ళు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి తెరిపి ఇస్తుంది. బొటనవేలి మొదట్లో కండ చిక్కిపోయినా, గ్లాసు జారిపోతున్నా మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

అరికాళ్ళ తిమ్మిరి మరొకటి. షుగరు వల్ల రావచ్చు, బి12 తగ్గితే రావచ్చు. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్ళల్లో ఈ లోటు ఎక్కువ. షుగరుకి మెట్‌ఫార్మిన్ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకీ వస్తుంది. ఎంత నూనె మర్దించినా బి12 లోపలికి పోదు కదా! దానికి రక్తపరీక్ష చేయించుకుని మందు పుచ్చుకోవలసిందే. స్పర్శ తగ్గిన కాళ్ళకి వేడినీళ్ళ కాపడం అసలు వద్దు. కాలినా తెలీదు.

చేతులతో వైద్యం మనకే ఉందనుకోకండి. అమెరికాలో ఆండ్రూ స్టిల్ అనే డాక్టరుకి 1864లో మెదడు పొరల జబ్బుతో ముగ్గురు పిల్లలు పోయారు. ఆనాటి మందుల మీద నమ్మకం పోయి, పదేళ్ళు ఆలోచించి, 1874లో ఆస్టియోపతీ అని చేతులతో చేసే పద్ధతి మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ దేశంలో ఆ చదువు చదివినవాళ్ళు మందులూ రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. ఐడా రోల్ఫ్ అనే ఆవిడ 1920లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తెచ్చుకుని, తరవాత ఈ పొరల్ని చేత్తో సాగదీసే పద్ధతి తయారుచేసింది. 1970ల్లో వచ్చిన క్రేనియోసేక్రల్ అనే ఇంకో పద్ధతిలో తల ఎముకల్ని తేలిగ్గా పట్టుకుని లోపలి లయ సరిచేస్తామంటారు. హాయిగా నిద్రపడితే పట్టనివ్వండి గాని, ఆ లయ ఉన్నట్టూ, దాన్ని సరిచేస్తే జబ్బులు పోతున్నట్టూ గట్టి రుజువు దొరకలేదు. డబ్బు పోసేముందు ఆలోచించాలి. బెంగుళూరు నిమ్హాన్స్‌లాంటి పెద్ద నరాల ఆస్పత్రిలో కూడా యోగానీ, ఆయుర్వేదాన్నీ కలుపుకుని చూసే విభాగం ఉంది. అక్కడ మెదడు డాక్టర్లు పక్కనే ఉంటారు, అదే అసలు మేలు.

మన వాగ్భటుడు నిత్యం నూనె రాసుకోమన్నాడని అందరూ చెప్తారు. కఫం ఎక్కువైనవాళ్ళకీ, అజీర్ణంతో ఉన్నవాళ్ళకీ వద్దన్నాడని ఎవరూ చెప్పరు! ఎవరికి పనికిరాదో ఆ రోజుల్లోనే చూసుకున్నారన్నమాట. మనం చూసుకోవలసినవి ఇంకా ఉన్నాయి. ఒకే కాలి పిక్క ఉన్నట్టుండి వాచి, వేడిగా ఉండి నొప్పెడితే అది రక్తనాళంలో గడ్డ కావచ్చు. ఆపరేషనో, కాన్పో అయి మంచం మీదున్నవాళ్ళలో అయితే మరీ అనుమానించాలి. దాన్ని రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. ప్రాణానికే ముప్పు.

చివరిది చెప్పడం నాకు కష్టం. 2016లో మా పెత్తల్లికి తెల్లవారుజామున మూతి వంకరపోయింది, కుడిచెయ్యి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళంతా వాయువు కమ్మిందన్నారు. ఆముదం కాచి, అయిదారుగురం కూర్చుని సాయంత్రం దాకా రుద్దాం. రుద్దినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది పక్షవాతం. జబ్బు మెదడులో ఉంటే మేం చేతిని రుద్దుతున్నాం. రక్తం గడ్డకట్టి వచ్చినదైతే, కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటల లోపల ఇస్తారు. అదీ తల స్కానింగు తీసి, రక్తస్రావం కాదని తేల్చుకున్నాకే. మేం ఆస్పత్రికి చేరేసరికి పన్నెండు గంటలు దాటింది. మన రాష్ట్రంలో 108 బండి 2005 నుంచీ తిరుగుతోంది. ఫోను మా చేతిలోనే ఉంది.

మూతి వంకర, చెయ్యి లేవకపోవడం, మాట తేడా, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నట్టుండి వచ్చినా నూనె గిన్నె పక్కన పెట్టి 108కి చెయ్యండి. ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి, డాక్టర్లు మొదట అడిగేది అదే.

మా పెత్తల్లి చెయ్యి పూర్తిగా తిరిగి రాలేదు. అయితే ఇప్పుడు మళ్ళీ చేతుల వైద్యమే అక్కరకొస్తోంది. ముడుచుకున్న వేళ్ళు అలాగే బిగుసుకుపోకుండా, ఒక్కొక్క వేలినీ మొదట్నించి చివరిదాకా ఎలా సాగదియ్యాలో, భుజాన్ని పట్టి లాగకుండా మోచెయ్యి కింద ఎలా ఆసరా ఇవ్వాలో ఫిజియోథెరపీ అమ్మాయి మా అక్కకి నేర్పింది. నేను వెళ్ళినప్పుడు నేను చేస్తాను. మొన్న దసరాకి వెళ్తే, జారిపోతున్న పమిటకొంగుని ఆ కుడిచేత్తోనే పట్టుకుని నాకు చూపించింది.