ఢీకొన్న తరువాత డ్రైవర్ బాధ్యత

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ, అనగా విద్యుత్ కార్ల ప్రపంచస్థాయి పందెంలో, జాగ్వార్ జట్టు డ్రైవర్ శామ్ బర్డ్ ఇరుకు మలుపులో కారును నిలువరించలేక సొంత జట్టువాడైన మిచ్ ఎవాన్స్ కారునే ఢీకొనగా ఇద్దరూ పోటీకి దూరమయ్యారు. బర్డ్ తప్పు తనదేనని ఒప్పుకొని క్షమాపణ కోరాడు.

ఇటువంటి ఘటనల్లో తప్పెవరిదో స్టీవార్డులనే నిర్ణేతలు తేలుస్తారు గాని, డ్రైవర్ తక్షణ కర్తవ్యం ప్రాణరక్షణే. తలకు కాపుగా ‘హేలో’ అనే టైటానియం చట్రం ఉన్నా, కారు లోహభాగాల్లోకి విద్యుత్తు పాకే ప్రమాదం మిగిలే ఉంటుంది కనుక, హెచ్చరిక దీపం ఎర్రగా వెలిగితే అతడు కారునూ నేలనూ ఏకకాలంలో తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూరంగా దూకాలి. ఆకుపచ్చ దీపం వెలిగితేనే మార్షల్స్ అనే ట్రాక్ సహాయకులు కారుపై చేయి వేస్తారు.

ఇక మామూలు రోడ్డుపై, ఉదాహరణకు బేతంచెర్ల నుంచి నాపరాళ్లు మోసే లారీ డ్రైవర్‌కు ఈ కవచాలేవీ లేకున్నా బాధ్యత మాత్రం తక్కువేమీ కాదు. క్షతగాత్రులకు వైద్యం అందేలా చూడాలని, వీలైనంత త్వరగా, 24 గంటలు మించకుండా పోలీసులకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ నిర్దేశిస్తోంది. అయితే జనాగ్రహం వల్ల వైద్యసాయం సాధ్యపడని పరిస్థితిని మినహాయించడంలో ఆ చట్టం మన రోడ్లను బాగానే ఎరిగినట్టు కనిపిస్తుంది.